ఆ ఫోటో తీసింది నేనే. తను 19 రోజులుగా కాలేజీకి రావడం లేదు. ఇప్పుడు నేనేం చేయాలి?

రామచంద్రపురం అమ్మాయి (శుక్రవారం రాత్రి 11:20)

నమస్తే అండి. మూడు రోజులుగా ఇది రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదవండి. ఇంట్లో చెబితే "నీకెందుకు, నీ చదువు నువ్వు చూసుకో" అంటారని తెలిసే ఇక్కడ అడుగుతున్నాను.

నేను కాకినాడ దగ్గర ఒక కాలేజీలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది రామచంద్రపురం, రోజూ బస్సులో వెళ్లి వస్తాను. మా సెక్షన్‌లో 64 మందిమి. మొదటి సంవత్సరం నుంచి నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకామె ఉంది. పేరు రాయను, తను అనే రాస్తాను. తనది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. హాస్టల్లో ఉంటుంది. వాళ్ల నాన్నగారు కొబ్బరి ఒలుపు పనికి వెళ్తారు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ నేను ఒక్కసారికే పాసయ్యానంటే, తను రాత్రుళ్లు వీడియో కాల్ చేసి నాతో ఒక్కో గీత గీయించడం వల్లే.

మొన్న సంక్రాంతికి వాళ్ల ఊరు రమ్మంది. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూపించింది, దేవుడికి ఎత్తుగా కట్టిన ప్రభలని మోసుకొచ్చే జాతర అది. కౌశిక ఏటి నీళ్లలో దిగి ప్రభని భుజాల మీద అవతలి ఒడ్డుకు దాటిస్తుంటే నేను భయపడి తన చెయ్యి పట్టుకున్నాను. ఇంటికొచ్చాక వాళ్లమ్మగారు పనసాకు బుట్టల్లో వండిన పొట్టిక్కలు వేడివేడిగా పెట్టారు. సాయంత్రం పెరట్లో ఒలిచిన కాయల రాశి దగ్గర తనూ వాళ్ల నాన్నగారూ నిలబడితే నేనే ఫోటో తీశాను. తనది బాగా రింగుల జుట్టు. ఆ రోజు తలంటుకుని జడ వేసుకోలేదు. వెనకాల కొబ్బరి పీచు గుట్ట. పొద్దు వాలుతోంది, ఇద్దరి మొహాలూ వెలుగుతున్నాయి. నా ఫోన్‌లో అంత మంచి ఫోటో ఇంకొకటి లేదు. తనని అడక్కుండా స్టేటస్‌లో పెట్టేశాను.

సెలవలయ్యాక రెండో రోజో మూడో రోజో మా సెక్షన్ గ్రూపులో ఒక స్టిక్కర్ వచ్చింది. అది లెక్చరర్లు లేని గ్రూపు. ఆ ఫోటోలోంచి తన మొహం, జుట్టు కత్తిరించి, కొబ్బరికాయ మీద అతికించి, కింద "పీచు" అని రాశారు. నవ్వే ఎమోజీలు వరసగా పడ్డాయి. నేను కూడా పెట్టాను. ఆ తర్వాత తను కూడా నవ్వే బొమ్మే పెట్టింది. హమ్మయ్య, తనేం అనుకోలేదులే అని నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

అప్పటినుంచి తన పేరు పీచు అయిపోయింది. హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీలోంచి ఎవరో ఆ మాట మెల్లగా అనేవారు. తర్వాత మైక్రోప్రాసెసర్స్ సెమినార్‌లో తను ఒక ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయి, మేడమ్ అడిగిన దానికి కంగారులో "ఆయ్, తెలుసండి" అంది. ఎవరో అది వీడియో తీశారు. ఆ "ఆయ్" ఒక్కటే పదిసార్లు తిప్పి, పాట కలిపి రీల్ చేశారు. మా అందరి ఇళ్లల్లోనూ ఆయ్ అనే అంటారు కదండీ. మా నాన్న బ్యాంకు మేనేజరుతో కూడా ఆయ్ అనే మాట్లాడతారు. తను అంటేనే ఎందుకు నవ్వొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా కాలేజీ పేరుతో ఒక కన్ఫెషన్స్ పేజీ ఉంది. కాలేజీ వాళ్లది కాదు, ఎవరో స్టూడెంట్సే నడుపుతారు. ఒక గూగుల్ ఫామ్ పెడతారు, పేరు లేకుండా ఎవరైనా ఏదైనా రాయొచ్చు, నడిపేవాళ్లు నచ్చింది పోస్ట్ చేస్తారు. అందులో తన గురించి వరసగా నాలుగు వచ్చాయి. సీటు ఎలా వచ్చిందో అందరికీ తెలుసని ఒకటి. వాళ్ల నాన్న గురించి ఒకటి, అది ఇక్కడ రాయలేను.

ఫిబ్రవరిలో తన పేరుతో ఇన్‌స్టాలో దొంగ అకౌంట్ తెరిచారు. ప్రొఫైల్ ఫోటో నేను తీసిందే. దాంట్లోంచి తన పదో తరగతి స్నేహితులకి, ఊళ్లో వాళ్లకి రిక్వెస్టులు వెళ్లాయి. రెండు రోజుల తర్వాత తన మొహాన్ని వేరే ఎవరిదో ఒంటికి అతికించిన బొమ్మ పెట్టారు. ఊళ్లో కుర్రాడొకడు అది చూసి తన పిన్ని కూతురికి చెప్పాడట. మర్నాడే తను సామాను కూడా సర్దుకోకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఇవాళ్టికి 19 రోజులు. ఫోన్ చేస్తే రెండు రింగులయ్యాక కట్ అవుతుంది. ఒక్కసారి మాత్రం మెసేజ్ పెట్టింది: "మా నాన్నకి తెలియనివ్వకు. చదువు మానిపించి సంబంధాలు చూస్తారు." మిడ్ పరీక్షలు దగ్గరకొచ్చాయి. హాజరు 75 శాతం ఉండదు.

స్టిక్కర్ చేసింది ఎవరో నాకు తెలుసు, మా సెక్షన్ అబ్బాయే. అకౌంట్ ఎవరిదో అనుమానమే గానీ రుజువు లేదు. హెచ్‌ఓడీ గారికి చెబితే నా పేరు బయటికొస్తుందని భయంగా ఉంది. తనకి చెప్పకుండా కంప్లయింట్ ఇవ్వొచ్చా? పోలీసుల దగ్గరికి వెళితే వాళ్ల నాన్నగారికి తెలిసిపోతుందా? అసలు ముందు నేను తన దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

---

వశిష్ఠ ఒడ్డు (శనివారం ఉదయం 6:05)

చెల్లీ, నీది రాత్రే చదివాను. పిల్లాణ్ణి పడుకోబెట్టి జవాబు రాద్దామంటే చేతులు ఆడలేదు.

నేను 2013లో భీమవరం వైపు డిగ్రీ చదివేదాన్ని. నా పేరుతో ఫేస్‌బుక్‌లో దొంగ ప్రొఫైల్ పెట్టారు. బొమ్మలు మార్చడం అప్పట్లో ఇంత సులువు కాదు, మాటలతోనే చేశారు. ఇప్పుడు నాకు పెళ్లయింది, ఉద్యోగం ఉంది, ఆ మాటలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. నీకు చెప్పాలనుకున్నది వాటి గురించి కాదు. ఆ నెల రోజులూ ఫోన్ మోగితే నాకు కడుపులో తిప్పేది. ఆఫ్ చేస్తే ఏం జరుగుతోందో తెలియదు, ఆన్ చేస్తే భరించలేను. చివరికి బియ్యం డబ్బాలో అడుక్కి తోసేసి, గంటకోసారి తీసి చూసేదాన్ని. మీ స్నేహితురాలు రెండు రింగులకి కట్ చేస్తోందంటే నీ మీద కోపమే అనుకోకు. ఏ ఫోన్ వచ్చినా అలాగే చేస్తూ ఉండొచ్చు.

కాబట్టి పేజీల కొద్దీ సారీ మెసేజ్ పెట్టకు. వెళ్లు. రామచంద్రపురం నుంచి కోటిపల్లి ఎంత దూరం? పంటు (గోదారి దాటించే పడవ) ఎక్కితే ముక్తేశ్వరం, అక్కడినుంచి ఆటో.

వెళ్లినప్పుడు "పట్టించుకోకు" అనే మాట మాత్రం అనకు. నాకు అది పాతికమంది చెప్పారు. మా క్లాసులో ఒకమ్మాయి ఉండేది, నాతో పెద్ద స్నేహం కూడా లేదు. ఒక సాయంత్రం బస్సు దిగి, బాటనీ రికార్డు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "నువ్వు రాని రోజుల బొమ్మలు వేసుకుందువు గాని" అంది. జరిగిన దాని గురించి ఒక్క మాట అడగలేదు. గంటన్నర కూర్చుని నాతోపాటు మందార పువ్వు నిలువుకోత గీసింది. నేను మళ్లీ కాలేజీ గేటు దాటానంటే ఆ గంటన్నర వల్లే.

ఒక్కటి మాత్రం తప్పకుండా కనుక్కో. తిండి తింటోందా, నిద్రపోతోందా, బతకాలని లేదు లాంటి మాటలేమైనా అంటోందా? అంటే ఒంటరిగా వదలొద్దు, వాళ్లమ్మగారికి ఆ క్షణమే చెప్పు, ఎంత వద్దన్నా సరే. 14416 టెలీ మానస్ అని ఉంది. ఏ వేళప్పుడైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నా రోజుల్లో అది లేదు.

---

ఫైనల్ ఇయర్ కుర్రాడు (శనివారం ఉదయం 9:48)

సిస్టర్, నా మాట అందరికీ నచ్చదని తెలుసు, అయినా రాస్తాను. దొంగ అకౌంట్, ఆ బొమ్మ చేసినవాడు తప్పు చేశాడు, దానికి నేను అడ్డు చెప్పను. కానీ స్టిక్కర్ చేసినవాడూ వాడూ ఒకడే అని ఎవరూ చెప్పలేదు కదా. మా బ్యాచ్‌లో నాకూ ఒక స్టిక్కర్ ఉంది, నేను నిద్రపోతుంటే తీసింది. నాలుగేళ్లుగా తిరుగుతోంది. హెచ్‌ఓడీ దగ్గరికి వెళితే అందర్నీ ఒకే గాటన కడతారు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. ఆ అబ్బాయి ఇంట్లో వాళ్లు కూడా అప్పు చేసి చదివిస్తూ ఉంటారు. ముందు వాణ్ణి పిలిచి మాట్లాడి, డిలీట్ చేయించి, సారీ చెప్పించండి. ఒక కుర్రాడి జీవితం పోకూడదనే నా భయం.

---

రామచంద్రపురం అమ్మాయి (శనివారం ఉదయం 10:30)

అన్నయ్యా, మీరు మంచి ఉద్దేశంతోనే రాశారని అర్థమైంది. నేను కూడా ముందు అలాగే అనుకున్నాను, అందుకే ఇన్ని రోజులు ఆగాను. కానీ మీ స్టిక్కర్ నాలుగేళ్లుగా తిరుగుతున్నా మీరు రోజూ కాలేజీకి వెళ్తున్నారు. తను వెళ్లడం లేదు. ఆ అబ్బాయితో నేను గత వారం మాట్లాడాను. "తనే నవ్వింది కదా, నీకేంటి" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది, ఎందుకంటే నేనూ అదే అనుకుని ఊరుకున్నాను.

వశిష్ఠ అక్కా, రేపు పొద్దున్నే వెళ్తున్నాను. డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) ల్యాబ్ రికార్డు పట్టుకెళ్తాను.

---

పాఠాలు చెప్పే మాస్టారు (శనివారం మధ్యాహ్నం 2:15)

అమ్మాయ్, నేను 17 ఏళ్లుగా ఇంజనీరింగ్ పిల్లలకి పాఠం చెబుతున్నాను, మా కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీలో ఆరేళ్లు ఉన్నాను. మీ కాలేజీ ఏదో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు.

మీరెవ్వరూ గమనించనిది ఒకటుంది. మీరు దీన్ని ర్యాగింగ్ అనుకోవడం లేదు. ర్యాగింగ్ అంటే సీనియర్లు జూనియర్లని ఏడిపించడం అనే మనందరికీ అలవాటు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2009లో తెచ్చిన నిబంధనల్లో "కొత్తగా చేరినవారు లేదా మరే విద్యార్థి అయినా" అనే ఉంది. ఒకే క్లాసు వాళ్లయినా వర్తిస్తుంది. 2016లో చేసిన సవరణ ఇంకా స్పష్టం: కులం, రూపం, ప్రాంతం, భాష, ఉండే చోటు, ఆర్థిక స్థితి వంటివి పట్టుకుని ఇంకో విద్యార్థిని శారీరకంగా గాని మానసికంగా గాని హింసించినా, వెలివేసినట్టు చూసినా ర్యాగింగే. ఇప్పుడు నువ్వు రాసింది మళ్లీ చదువుకో. జుట్టుకి పీచు అన్నారు. ఆయ్ అన్నందుకు రీల్ చేశారు. తండ్రి చేసే పని మీద రాశారు. సీటు ఎలా వచ్చిందన్నారు. ఆ సవరణ రాసినవాళ్లు మీ సెక్షన్ గ్రూపు చూసి రాశారా అనిపించింది నాకు. మన రాష్ట్రంలో అయితే 1997 నుంచే ర్యాగింగ్ మీద విడిగా చట్టం ఉంది.

నీ పేరు బయటపడుతుందన్న భయం గురించి. సమాచారం ఇచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచాలని, చెప్పినందుకు వాళ్లకి ఏ ఇబ్బందీ రాకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. బాధితురాలే చెప్పాలన్న షరతు లేదు, తోటి విద్యార్థి చెప్పినా తీసుకోవాలి. కాలేజీలో చెప్పడానికి ధైర్యం చాలకపోతే యూజీసీ ఉచిత నంబర్ 1800-180-5522 ఉంది. ఇది నేరం కిందికి వచ్చేదైతే సమాచారం అందిన 24 గంటల్లోగా ఎఫ్‌ఐఆర్ పెట్టించాల్సిన బాధ్యత కాలేజీ అధిపతిది. ఇది తెలిసిన ప్రిన్సిపాల్ ఎవరూ "మీలో మీరు సర్దుకోండి" అనరు. అంటే మాత్రం నువ్వు చెప్పింది కాగితం మీద పెట్టి, తీసుకున్నట్టు సంతకం అడుగు.

ఫైనల్ ఇయర్ బాబూ, నీ భయం నేను కొట్టిపారేయను. ఆ కమిటీలో కూర్చుని నేనే రెండుసార్లు కన్నీళ్లు పెట్టుకున్న తండ్రుల్ని చూశాను, వాళ్లు తప్పు చేసిన పిల్లల తండ్రులు. కానీ శిక్ష అంటే కాలేజీలోంచి గెంటేయడం ఒక్కటే కాదు. కొన్నాళ్లు క్లాసులకి రానివ్వకపోవడం, స్కాలర్‌షిప్ ఆపడం, పరీక్ష రాయనివ్వకపోవడం, హాస్టల్ ఖాళీ చేయించడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల దాకా పంపేయడం, ఇలా తప్పును బట్టి మెట్లున్నాయి. స్టిక్కర్ చేసినవాడికీ ఆ బొమ్మ చేసినవాడికీ ఒకే శిక్ష వేయరు. ఎవరు ఏం చేశారో తేల్చడానికే విచారణ. అది జరగకపోతేనే అందర్నీ ఒకే గాటన కట్టినట్టు అవుతుంది. ఇంకో మాట. ప్రతి ఏటా ర్యాగింగ్ చేయనని నువ్వూ, చేయనివ్వనని మీ అమ్మానాన్నలూ హామీ పత్రం ఇస్తారు. ఎవరైనా చదివి ఇస్తున్నారా అని నాకెప్పుడూ అనుమానమే.

హాజరు సంగతి. జేఎన్‌టీయూ పద్ధతిలో 75 తగ్గినా 65 పైన ఉంటే తగిన కారణం చూపి మినహాయింపు అడగవచ్చు. 65 కంటే కిందికి పోకముందే ఆ అమ్మాయిని వెనక్కి తీసుకురావాలి. మీకు ఉన్న గడువు అదే. సోమవారం దాటనీయవద్దు.

---

నల్లకోటు (శనివారం రాత్రి 8:40)

నేను అడ్వకేట్‌ని, కాకినాడలో ప్రాక్టీస్. మాస్టారు చెప్పినదానికి కొన్ని కలుపుతానండి.

మొదట, గ్రూపులోంచి బయటికి రాకండి, ఏదీ చెరపకండి. చాలామంది కోపంలో ముందు ఆ పని చేసేస్తారు. స్క్రీన్‌షాట్‌లో పంపినవారి నంబర్, తేదీ, సమయం కనిపించాలి. గ్రూపు పేరు దగ్గరినుంచి ఆ స్టిక్కర్ దాకా కిందికి జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ కూడా తీయండి, మధ్యలో ఆపకుండా. దొంగ అకౌంట్‌కి, ఒక్కో పోస్టుకి లింకు కాపీ చేసి రాసుకోండి. ఒట్టి ఫోటో చూపిస్తే పోలీసులు మళ్లీ లింకే అడుగుతారు. ఇవన్నీ దాచుకున్న తర్వాతే రిపోర్ట్ కొట్టండి. ముందే కొడితే ఆ పేజీ పోతుంది, మీ చేతిలో ఏమీ మిగలదు. తీసేసిన పోస్టుల సమాచారం కంపెనీలు 180 రోజులు దాచాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి పోలీసులు అడగడానికి వీలుంటుంది, కానీ ఆ రోజులు ఊరికే గడిపేయకూడదు.

మార్చిన బొమ్మని మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. "చూడండి సార్ ఎంత దారుణమో" అని స్నేహితులకి గాని, గ్రూపులో గాని పంపకూడదు. అది పంపడమూ ఐటీ చట్టం సెక్షన్ 67 (అశ్లీలమైనవి నెట్‌లో పంపడం) కిందికే వస్తుంది. స్టేషన్‌లో అధికారికి చూపించండి, అంతే.

మీరు బాధపడుతున్న ఆ ఫోటోనే ఇప్పుడు ఆ అమ్మాయికి పెద్ద సాక్ష్యం. వాట్సాప్‌లో పంపితే ఫోటోలోని వివరాలు పోతాయి. మీ గ్యాలరీలో ఉన్న అసలు ఫైల్‌లో తీసిన తేదీ, సమయం, ఫోన్ మోడల్ ఉంటాయి. దీన్నే మార్చారని చూపించడానికి అది కావాలి. దాన్ని ఎడిట్ చేయకండి. మీరు ఫోన్ మార్చే ఆలోచనలో ఉంటే ఆ ఆలోచన మానుకోండి.

కేసు సంగతి. దొంగ అకౌంట్‌కి ఐటీ చట్టం 66సి, 66డి పెడతారు, ఒక్కోదానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆ బొమ్మకి 67, అందులో ఉన్నదాన్ని బట్టి 67ఎ, అంటే అయిదేళ్ల దాకా. భారతీయ న్యాయ సంహితలో 78 (వెంటపడి వేధించడం), 79 (ఆడవారి గౌరవానికి భంగం కలిగించడం) కూడా చూడవచ్చు. ఇంకా కొందరు ఐటీ చట్టంలోనే నొప్పించే మెసేజ్‌ల మీద ఉన్న 66ఎ పెట్టమని అడుగుతుంటారు. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. "పీచు" స్టిక్కర్ ఒక్కదాని మీద స్టేషన్‌కి వెళితే నిజం చెప్పాలంటే పెద్దగా కదలిక ఉండదు, దానికి మాస్టారు చెప్పిన దారే గట్టిది. కన్ఫెషన్స్ పేజీలో కులం పేరు పెట్టి ఏదైనా రాసి ఉంటే నాకు విడిగా చెప్పండి, దాని దారి వేరు.

ఏ స్టేషన్ అని తిరగాల్సిన పని లేదు. ఎక్కడ జరిగినా ఎక్కడైనా ఎఫ్‌ఐఆర్ రాయించవచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఇంటి దగ్గరినుంచే పెట్టవచ్చు. 1930కి ఫోన్ చేసినా చెబుతారు. ఆ సైట్‌లో ఆడవాళ్ల మీద జరిగేవాటికి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు కూడా ఉంది. కానీ పేరుతో పెడితేనే నంబర్ వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. ఇన్‌స్టాలో ఫిర్యాదు పెట్టేటప్పుడు నా పేరుతో వేరేవాళ్లు నడుపుతున్నారని, బొమ్మ మార్చారని రెండూ రాయించండి. అలాంటివాటిని బాధితుల ఫిర్యాదు అందిన కొద్ది గంటల్లోనే తీసేయాలని నిబంధన. ఆ బొమ్మ ఇంకో చోట తేలకుండా స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైట్ ఉంది. బొమ్మ మన ఫోన్ దాటి వెళ్లదు, దాని గుర్తు మాత్రమే తయారై కంపెనీలకి అందుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. తనకి 18 నిండాయి. ఫిర్యాదుకి తండ్రి సంతకం అక్కర్లేదు. అలాగే మీరు తనకి చెప్పకుండా ఆ బొమ్మ మీద కేసు పెట్టకండి. బొమ్మ తనది. నలుగురిలో ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ఇప్పటికే ఒకసారి తన చేతిలోంచి లాగేసుకున్నారు.

---

రామచంద్రపురం అమ్మాయి (ఆదివారం రాత్రి 9:55)

వెళ్లొచ్చాను. మీ అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

కోటిపల్లిలో ఎనిమిదింటి పంటు ఎక్కాను. గోదారి బాగా తగ్గింది, అవతల ఇసుక మీద కొంత దూరం నడవాల్సి వచ్చింది. వాళ్లింటికి వెళ్లేసరికి వాళ్లమ్మగారు గుమ్మంలోనే "జ్వరమని పడుకుంటోందమ్మా, నువ్వైనా తినమని చెప్పు" అన్నారు. చిక్కిపోయింది. జుట్టు నూనె పెట్టి గట్టిగా లాగి జడ వేసుకుంది, ఒక్క రింగు కూడా బయటికి కనిపించకుండా.

వశిష్ఠ అక్క చెప్పినట్టు రికార్డు తీసి ముందు పెట్టాను. అరగంట ఇద్దరం ఏమీ మాట్లాడకుండా గ్రాఫులు గీశాం. తర్వాత నేనే ఆగలేక, ఆ ఫోటో నేను పెట్టకపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదే అన్నాను. తను పెన్సిల్ ఆపలేదు. "ఫోటో గురించి కాదే. నువ్వు నవ్వావు" అంది. "ఎవరెవరు నవ్వారో లెక్కపెట్టాను. 41 మంది. నీది ఎనిమిదోది. నీది చూశాకే నేను కూడా నవ్వే బొమ్మ పెట్టాను."

నేను ఏమీ అనలేకపోయాను. అలాగే కూర్చున్నాను. కాసేపటికి తనే లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

చచ్చిపోవాలని లేదంది. నేను సూటిగానే అడిగాను. మొదటి వారంలో ఒక రాత్రి అనిపించిందట, ఇప్పుడు లేదట. 14416 తన పుస్తకంలో రాసి ఇచ్చాను. తర్వాత ఫోన్ తెచ్చి లాక్ తీసి నా చేతిలో పెట్టింది. నేను చూడలేను, నువ్వే తియ్యి అంది. పెరట్లో పీచు గుట్ట పక్కన కూర్చుని నల్లకోటు గారు చెప్పినట్టే అన్నీ తీశాను. లింకులు కాగితం మీద రాశాను, మొత్తం 11. కన్ఫెషన్స్ పేజీలో కులం పేరు లేదండి. అంతకంటే నీచంగా ఉంది గానీ, పేరు లేదు.

మధ్యాహ్నం తనే వాళ్లమ్మగారికి చెప్పింది, నేను పక్కన ఉండగా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. బొమ్మ చూపించమనలేదు. "రేపు నేనూ వస్తాను కాలేజీకి" అన్నారు. నాన్నగారికి మాత్రం కాలేజీలో చెప్పాక, సాయంత్రం ఆవిడే చెబుతానన్నారు. చదువు మాన్పించే మాట వస్తే అది ముందు ఆవిడని దాటాకే రావాలన్నారు.

నాన్నగారు మూడింటికి పని నుంచి వచ్చారు. నన్ను చూసి చాలా సంతోషించారు. చేతులు కడుక్కుని వచ్చి, "అమ్మాయ్, సంక్రాంతికి నువ్వు తీసిన ఫోటో ఫోన్‌లో చూపించింది మా పాప, శానా బాగుంది. కాయితం మీద వేయించి ఇస్తావా, గోడకి పెట్టుకుంటాను, డబ్బులిస్తాను" అన్నారు. నేను తన వైపు చూశాను. తను తల ఊపింది. వేయించి ఇస్తానండి అన్నాను. పంటు రావాలంటే ఇంకా గంట ఉన్నా నేను అక్కడ ఉండలేక లేచి వచ్చేశాను.

ఫైనల్ ఇయర్ అన్నయ్యా, తను ఒక మాట అడిగింది, మీకు కూడా చెబుతున్నాను. ఫిర్యాదులో స్టిక్కర్ వేరు, బొమ్మ వేరు అని విడివిడిగా రాయాలంది. చేయనివాడి మీద పడకూడదంది. నేను అడక్కుండానే అంది.

రేపు పదిన్నరకి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి. తనూ వాళ్లమ్మగారూ పొద్దున్నే పంటుకి వస్తారు. మాస్టారూ, నవ్వినవాళ్లలో నా పేరు కూడా రాసి, నేనే సాక్షిగా సంతకం పెడితే చెల్లుతుందా?

---

పాఠాలు చెప్పే మాస్టారు (ఆదివారం రాత్రి 10:20)

చెల్లుతుందమ్మా. దాచకుండా రాయి. విచారణలో ఎవరో అది బయటికి లాగి నీ మాట అబద్ధం అనడానికి చోటు ఉండదు. ఇంకా ఎవరైనా ఒకరిద్దరు సంతకం పెడతారేమో రాత్రికే అడిగి చూడు. ఆ 41 మందిలో నీలాగే నిద్రపట్టనివాళ్లు ఉంటారు.

---

నల్లకోటు (ఆదివారం రాత్రి 10:34)

పెన్‌డ్రైవ్‌లో రెండు కాపీలు, ఫిర్యాదు మూడు ప్రతులు తీసుకెళ్లండి. ఒక ప్రతి మీద తీసుకున్నట్టు ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. 11 గంటలకి నేను కోర్టులో ఉంటాను, ఒంటిగంట తర్వాత ఫోన్ ఎత్తుతాను. నంబర్ మీకు విడిగా పంపాను.

---

రామచంద్రపురం అమ్మాయి (ఆదివారం రాత్రి 11:50)

ఇద్దరు పెడతామన్నారు. ఒకరు స్టిక్కర్ మొదట ఫార్వర్డ్ చేసిన అమ్మాయి. ఆరింటికల్లా నేను కోటిపల్లి రేవులో ఉంటాను.